రెండు స్పీకర్ డబ్బాలూ, మేడ మీద వరసా

"అక్కా, మీ సర్వీసులో బాగా టెన్షన్ పడ్డ రోజేది?" అని మొన్న ఫిల్మ్‌నగర్ రిహార్సల్ హాల్లో కొత్త పిల్లలు చుట్టూ చేరి అడిగారు. కొండ అంచు మీద తీసిన పాట గురించో, ఏనుగుల పక్కన గ్రూపుని నిలబెట్టిన రోజు గురించో చెప్తానని వాళ్ళ ఆశ. "ఒక స్పీకర్ డబ్బా ముందు గొంతుక్కూర్చుని, దాని లైట్లు చూస్తూ చెమటలు కక్కిన రోజర్రా" అన్నాను. పకపకా నవ్వేశారు. నవ్వండమ్మా, నవ్వండి! ఆ రోజు ఆ బంగళాలో చేతిలో ఫోన్ లేనివాళ్ళు ఒక్కరూ లేరు. అయినా ఆ డబ్బా అందర్నీ కలిపి ఆడించేసింది. తలచుకుంటే ఇప్పటికీ నా గుండె టపటపా కొట్టుకుంటుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంగతి. మాది కృష్ణా జిల్లా. గ్రూప్ డాన్సర్‌గా వచ్చి, అసిస్టెంట్ మాస్టర్‌నై, మోకాళ్ళు ఇక మావల్ల కాదు తల్లీ అని మొరపెట్టుకునేదాకా చేసి, ఈ మధ్యనే మానేశాను. స్టెప్పు కనిపెట్టేది డాన్స్ మాస్టరు. దాన్ని గ్రూపు చేత ఒక్కలా వేయించేది అసిస్టెంటు. అంటే అరవడం నా ఉద్యోగం. మధురానగర్‌లో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని అడగండి, ఇంట్లో కూడా అదే ఉద్యోగమని చెప్తాడు.

ఆ సినిమాకి డాన్స్ మాస్టరు ఒక అమ్మాయి. నా వరసలో గ్రూప్ డాన్సర్‌గా ఎన్నో పాటలు చేసిన పిల్ల. మన లైన్లో ఆడపిల్ల మాస్టర్ కుర్చీలో కూర్చోవాలంటే ఎంత కష్టమో మీకు తెలీనిది కాదు. దాని మొదటి పాట. అసిస్టెంటుగా నన్నే అడిగింది. "అక్కా, మీరుంటే నాకు ధైర్యం" అంది. నేను దానికి స్టెప్పులు నేర్పినదాన్ని, ఇప్పుడు దాని కింద పని చేయడమా అని ఎవరో మూతి విరిచారు. నాకైతే ఆ రోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. సెట్లో మాత్రం అందరి ముందూ "మాస్టర్ గారూ" అనే పిలిచేదాన్ని, అది సిగ్గుపడి చచ్చేది.

పల్లవీ, మొదటి చరణమూ బానే అయ్యాయి. మిగిలింది ఆఖరి చరణం. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బంగళా తీసుకున్నారు. పొద్దున్న టిఫిన్ల దగ్గర ప్రొడ్యూసర్ గారు మాస్టర్ని పక్కకి పిలిచారు. నేనూ పక్కనే ఉన్నాను, ఇడ్లీ పళ్ళెంతో.

"చూడమ్మా, హీరో గారు సాయంత్రం వెళ్ళిపోతారు. మళ్ళీ డేట్లు లేవు. వెలుతురుండగా చరణం అయిపోవాలి. కాలేదనుకో, మిగతాది మన సీనియర్, పెద్ద మాస్టర్ గారు బ్లూమ్యాట్ మీద, వెనక నీలం గుడ్డ కట్టి ఎలాగో పూర్తి చేస్తారు. ఆయనతో మాట్లాడే ఉంచాను. అప్పుడు పాట మొత్తానికీ ఆయన పేరే పడుతుంది. తర్వాత నన్నేమీ అనుకోవద్దు" అన్నారు.

పాపం ఆయన కోపంగా చెప్పలేదు. పెళ్ళి మాటల్లో పెద్దమనిషి చెప్పినట్టు నిదానంగా చెప్పి కాఫీ తాగుతూ వెళ్ళిపోయారు. మాస్టర్ మొహం చూశాను. చేతిలో వడ చేతిలోనే ఉండిపోయింది.

"తినవే ముందు. కడుపులో ఏమీ లేకుండా 'యాక్షన్' అంటే కళ్ళు తిరిగి పడతావు" అన్నాను. ఆ ఒక్కసారికి మాస్టర్ గారూ లేదు, ఏమీ లేదు.

ఇంతలో గేటు దగ్గర గొడవ. మన ప్లేబ్యాక్ అన్నయ్య తన పెద్ద పెద్ద స్పీకర్లు దింపి, ఒకసారి పాట వేసి చూశాడు. ఈయన గురించి ఒక మాట చెప్పాలి. షూటింగులో పాట వినిపించే పని ఈయనదే. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాడు, ఏ లైను కావాలంటే ఆ లైను నుంచి వేస్తాడు, ఒక్క మాట ఎక్కువ మాట్లాడడు. ఆయన స్పీకర్ల దెబ్బకి పక్కింటి కిటికీలు అదిరాయి. వెంటనే పక్కింటావిడ పరుగున వచ్చింది.

"మా అమ్మాయి నిన్ననే కవలపిల్లల్ని ఆసుపత్రి నుంచి తెచ్చుకుందండీ. ఇద్దరూ ఇప్పుడే పడుకున్నారు. మీ పని మీరు చేసుకోండి, కాదనను. కానీ ఈ మోత మాత్రం వద్దండీ, మీకు పుణ్యముంటుంది" అంది.

అంత మర్యాదగా అడిగితే ఎవరం మాత్రం కాదంటాం? పైగా బంగళా ఓనరు కూడా ఫోన్ చేసి, పెద్ద స్పీకర్లు పెడితే షూటింగ్ ఆపేస్తానన్నాడు. అన్నయ్య తన స్పీకర్లు మళ్ళీ వ్యానెక్కించాడు. పాట షూటింగు, పాట వినపడదు! అందరం మొహమొహాలు చూసుకున్నాం.

అప్పుడొచ్చాడు ప్రొడక్షన్ మేనేజర్. పక్కా హైదరాబాదీ. ఆయన నోట "కాదు" అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

"అక్కా, ఫికర్ చెయ్యకున్రి. మా ఇంట్ల పిల్లల బర్త్‌డేకి కొన్న స్పీకర్ ఉంది, వైర్‌లెస్. చూడనీకి చిన్నగుంటది గని మస్తు సౌండ్ ఇస్తది. పిల్లలు లేవరు, మనోళ్ళకు వినవడ్తది. గిప్పుడే తెప్పిస్త."

తెప్పించాడు. మరచెంబు కంటే పెద్దది, బిందె కంటే చిన్నది. పైన రబ్బరు బటన్లు. వెనకాల ఒక రబ్బరు మూత, దాని కింద మూడు కన్నాలు. పక్కన చీమతలకాయలంత చుక్కల వరస. దాన్ని గార్డెన్లో స్టూలు మీద పెట్టి అన్నయ్యా, నేనూ, మేనేజరూ మూడు వైపులా కూర్చున్నాం. ఏదో పూజ చేస్తున్నామనుకుని లైట్‌మెన్ కూడా దూరంగా నిలబడ్డారు.

మొదటి బటన్ అన్నయ్య గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. "టుంయ్" అని వెలిగింది. ఇంకా పట్టుకునే ఉన్నాడు. "టుంయ్" అని ఆరిపోయింది.

"వదలండి అన్నయ్యా! మెడ పిసికినట్టు అలా పట్టుకుంటే ఏమవుతుంది!" అన్నాను.

రెండోసారి సరిగ్గా వెలిగింది. బ్లూటూత్ గుర్తున్న చోట నీలం లైటు టకటకా కొట్టుకుంది. కొట్టుకుంటుంటే ఫోన్ కోసం వెతుకుతోందని, నిలకడగా వెలిగితే దొరికిందని అర్థం. అది నాకూ తెలుసు. అది నిలకడగా వెలిగింది కూడా. నా ఫోన్లో పాట నొక్కాను. పాట నా ఫోన్లోనే కీచుగా మోగుతోంది తప్ప డబ్బాలోంచి ఒక్క ముక్క రావడం లేదు. దొరికిందని లైటు చెప్తోంది, పాట లేదు! ఇదెక్కడి మాయరా బాబూ అని చూస్తుండగానే డబ్బాలోంచి ట్రింగు ట్రింగుమని మోత మొదలైంది. పక్కింటి పిల్లలు లేస్తారన్న భయంతో, ఆ మోత ఆపేద్దామని త్రికోణం గుర్తున్న బటన్ టక్కున నొక్కాను.

"ఏమయ్యా! ఎర్రగడ్డ మార్కెట్ల దిగి టమాటలు తెమ్మంటే ఏం తెచ్చినవ్? సగం కుళ్ళినయే! నీకు కండ్లున్నయా లేవా?"

గార్డెన్ మొత్తం వినిపించింది. మేనేజర్ భార్య! పాటని ఆపే ఆ బటనే ఫోనొస్తే ఎత్తే బటను కూడానట. ఆ డబ్బా వాళ్ళింటిదే కదా, అలవాటైన ఆయన ఫోన్నే పట్టేసుకుంది. మేనేజర్ జేబులు తడుముకుంటున్నాడు, ఫోన్ దొరకదు. ఆవిడ ఆగదు. కారవాన్ మెట్ల మీద హీరో గారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. చివరికి ఆయనే గట్టిగా, "మేడమ్, సాయంత్రం నేను పంపిస్తాను టమాటాలు" అన్నారు. ఆ గొంతు గుర్తుపట్టిందో ఏమో, ఆవిడ టక్కున ఫోన్ పెట్టేసింది.

"ఇగ ఇంటికి పోతే నా పనైపోయినట్టే" అన్నాడు మేనేజర్.

ఆయన ఫోన్లో బ్లూటూత్ ఆపించి, నా ఫోన్‌కి ఫోన్లు రాకుండా ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, మళ్ళీ బ్లూటూత్ వేసుకుని రిహార్సల్ మొదలుపెట్టాం. సౌండ్ ఎంత బాగుందనుకున్నారు! తబలా దెబ్బ దెబ్బా విడివిడిగా వినిపిస్తోంది. మాస్టర్ మొహం తేటపడింది. నాకు ఈల వేయాలనిపించింది. పిల్లలు పడుకున్నారు కాబట్టి వేయలేదు.

ఇప్పుడు షాట్ గురించి చెప్తేనే మీకు అసలు సంగతి అర్థమవుతుంది. హీరో గారూ, ముందు గ్రూపూ కింద పచ్చిక మీద. వెనక గ్రూపు పైన మేడ మీద, పిట్టగోడ వెంట ఒకే వరసలో. కెమెరా క్రేన్ మీద లేచేసరికి కిందా పైనా ఒకే ఫ్రేములో పడాలి, అందరూ ఒకే స్టెప్పు వేస్తుండాలి. చరణం మొత్తం ఒకటే షాట్. అది ఆ పిల్ల ఆలోచన. వినగానే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అయితే కింద డబ్బా పైవాళ్ళకి సరిగా వినపడలేదు. హీరో గారి కారవాన్‌లో అదే కంపెనీ డబ్బా ఇంకోటుంటే, పాపం అడగ్గానే ఇచ్చేశారు. దాన్ని మేడ మీద వాటర్ ట్యాంకు చాటున పెట్టాం.

టేక్ కదా, ఇక ఫోన్‌తో పని వద్దన్నాడు ప్లేబ్యాక్ అన్నయ్య. తన మెషీన్ తెచ్చుకున్నాడు. దాంట్లోంచి ఒక వైరు తీసి కింది డబ్బా వెనక గుండ్రటి కన్నంలో గుచ్చాడు. మేడ మీది డబ్బాకి వైరు అంత పొడుగు లేదు కాబట్టి, మెషీన్‌కి బొటనవేలంత బ్లూటూత్ ముక్క ఒకటి తగిలించి గాల్లోంచి పంపాడు. రెండు డబ్బాల్లోనూ పాట వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం.

లంచ్ అవగానే టేక్. నేను మేడ మీద, ట్యాంకు పక్కన కెమెరాకి కనపడకుండా కూర్చున్నాను. పాట మొదలైంది. నా వరస అద్దంలో చూసినట్టు వేసింది. పొంగిపోయాను. కింద నుంచి "కట్!" అని మాస్టర్ అరుపు.

"అక్కా! మేడ మీద లేటు!"

"లేటేంటి? కరెక్టుగానే వేశారు మాస్టర్ గారూ!"

"మానిటర్‌లో చూస్తున్నా కదా. వెంట్రుకవాసి లేటు. మొత్తం వరస!"

రెండో టేకూ అంతే. మూడోదీ అంతే. కిందకెళ్ళి మానిటర్ చూశాను. నిజమే! హీరో గారి చెయ్యి లేచాక మేడ మీద చేతులు లేస్తున్నాయి. సరిగ్గా మెట్ల వైపు చివర నిలబడ్డ డాన్సర్ దగ్గర మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది, కెమెరాకి ఆవిడే దగ్గర.

ఆవిడది ఎర్రగడ్డ. నాకంటే చిన్నదే గానీ గ్రూపులో అందరికంటే సీనియర్. కొడుకుని స్కూల్లో దింపి, స్కూటీ మీద నన్నెక్కించుకుని షూటింగ్‌కి తీసుకొచ్చే మనిషి. తాళం తప్పడమన్నది ఆవిడ ఒంట్లోనే లేదు. అయినా మన లైన్లో ఒక పద్ధతుంది, మీకూ తెలుసు. అడుగు పాటతో కలవకపోతే తప్పు కాళ్ళదే. పాటని అనుమానించే అలవాటు ఎవరికీ లేదు. పాటంటే ఒక్కటే, అది ఎక్కడైనా ఒకేసారి వినిపిస్తుందన్నది మా అందరి లెక్క. కిట్టనివాళ్ళెవరూ లేరక్కడ, అందరం కలిసి నమ్మకంగా తప్పు దారి పట్టాం.

"అక్కా, నేను తప్పుతలేను. ఒట్టు. పాటనే లేటొస్తుంది" అంది ఎర్రగడ్డ డాన్సర్, నేను మళ్ళీ మేడెక్కగానే.

"పాట లేటు రావడమేంటే, పాటేమన్నా సిటీ బస్సా!" అన్నాను. వరసంతా నవ్వింది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

నేను కిందికి దిగేసరికి ఎండ వాలుతోంది. హీరో గారి మేనేజర్ మాటిమాటికీ గేటు వైపు చూస్తున్నాడు. ప్రొడ్యూసర్ గారు ఫోన్లో ఎవరితోనో "అవునండీ మాస్టర్ గారూ, రేపు ఖాళీనే కదా" అంటున్నారు. అది మా పిల్ల చెవిన పడనే పడింది. నా వైపు తిరిగింది.

"అక్కా, మెట్ల వైపు చివరున్న ఆమెని తీసెయ్యండి. ఆమెని చూసి మిగతావాళ్ళు తప్పుతున్నారేమో" అంది.

నేను పైకెళ్ళి చెప్పాను. ఎర్రగడ్డ డాన్సర్ గజ్జెలు విప్పి చేత్తో పట్టుకుని, మెట్ల మీద నా పక్కనుంచే దిగిపోయి, కింద వంటవాళ్ళ దగ్గర బెంచీ మీద కూర్చుంది.

మళ్ళీ టేక్. మళ్ళీ "కట్! లేటు!"

ఇక నావల్ల కాలేదు. ఆవిడ లేకపోయినా లేటే! మరి తప్పు ఎవరిదిరా నాయనా? కింద మాస్టర్ దగ్గరికి బయల్దేరి, మెట్ల మధ్యలో మోకాలు పట్టేస్తే ఆగాను. అన్నయ్య పాటని చరణం మొదట్లో పెట్టుకుంటూ ఒక డప్పు దెబ్బ వేశాడు.

ధన్-ధన్.

పాటలో అక్కడుండేది ఒక్క దెబ్బే! నాకు ఒళ్ళు ఝల్లుమంది.

"అన్నయ్యా! మళ్ళీ వెయ్యండి! ఆ దెబ్బే మళ్ళీ వెయ్యండి!"

ధన్-ధన్. మొదటిది కింద నుంచి, రెండోది పైనుంచి. నేను రెండింటికీ మధ్యలో నిలబడ్డాను కాబట్టి విడివిడిగా వినిపించింది. కిందున్న వాళ్ళకి కిందిదే, పైనున్న వాళ్ళకి పైదే వినిపిస్తుంటే ఎవరికి తెలుస్తుంది! మోకాలు నొప్పి ఎటు పోయిందో, మెట్లన్నీ దూకినట్టు దిగి అన్నయ్య చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి అక్కడే నిలబెట్టాను. ఆయన విన్నాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి "ఓరి దేవుడో!" అన్నాడు.

"వైరులో వెళ్ళేది వెంటనే వెళ్తోందమ్మా. బ్లూటూత్‌లో వెళ్ళేది కాస్త ఆగి వెళ్తోంది. వెధవది, నాకు తట్టనే లేదు" అన్నాడు.

"ఆ రెండూ ఒకేసారి మోగాలంటే ఏం చెయ్యాలో చెప్పండి, తర్వాత తిట్టుకుందాం!"

మేడ మీది డబ్బా కిందికి తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టాం. ఇంతమందిమి పొద్దున్నుంచీ ముట్టుకోని బటన్ ఒకటుంది, రెండు రింగులు ఒకదాన్లో ఒకటి దూరినట్టు బొమ్మ. అది అలంకారమనుకున్నాం. అన్నయ్య రెండు డబ్బాల మీదా అది నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. ఏమీ కాలేదు. మాస్టర్ వచ్చి నిలబడింది. ప్రొడ్యూసర్ గారొచ్చారు. హీరో గారు కూడా వంగి చూస్తున్నారు.

"జర ఆగున్రి" అన్నాడు మేనేజర్. "మా పిల్లలు ఆడుకునేటప్పుడు చూసిన. వైరు గుచ్చి ఉంటే అది ఎవ్వరి మాట వినదు. గా వైరు పీకున్రి ముందుగాల."

అన్నయ్య వైరు పీకాడు. రెండు డబ్బాల మీదా రింగుల బటన్ మళ్ళీ నొక్కాడు. రెండు చోట్లా తెల్ల లైటు టకటకా కొట్టుకుంది. కొట్టుకుంది, కొట్టుకుంది, కొట్టుకుంది... టక్కున రెండూ ఒకేసారి నిలకడగా వెలిగాయి. ఇప్పుడు బ్లూటూత్ ముక్క నుంచి కింది డబ్బా అందుకున్న పాట మేడ మీదిదానికీ అందుతుంది, రెండూ కలిసే మోగుతాయి. ఒకదాన్ని మళ్ళీ మేడెక్కించి, నేను మెట్ల మధ్యలో నిలబడ్డాను.

ధన్.

ఒక్కటే! ఒక్కటంటే ఒక్కటే దెబ్బ! నేను అక్కడే రెండు చేతులూ పైకెత్తి గెంతేశాను. లైట్‌మెన్ ఈల వేశారు. "పిల్లలు, పిల్లలు!" అని మేనేజర్ వాళ్ళ నోళ్ళు మూయించాడు.

ఆ సంతోషంలో మేడ మీది డబ్బా పక్కన చుక్కల వరస చూశాను. పొద్దున అన్నీ వెలిగాయి. ఇప్పుడు ఒక్కటే, అదీ ఎర్రగా. అంత త్వరగా చార్జింగ్ ఎలా అయిపోయింది? వెనక మూత తెరిచి ఉంది, పలకగా ఉన్న కన్నంలో ఒక కేబుల్, ఆ కేబుల్ చివర ఒక ఫోన్!

"ఎవర్రా ఇది!"

లంచ్ నుంచీ నా వరసలో పిల్లలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు ఆ కన్నంలో ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారట. ఆ కన్నం డబ్బాలోకి కరెంటు ఎక్కించేది కాదు, డబ్బాలోంచి కరెంటు లాగి ఫోన్లకిచ్చేది. వీళ్ళ ఫోన్లన్నీ నిండుగా, నా డబ్బా ఖాళీగా! నోటికొచ్చినట్టు తిట్టాను. చార్జింగ్ పెట్టడానికి మేడ మీద ప్లగ్గు లేదు, కిందికి తీసుకెళ్ళడానికి టైము లేదు. కింద నుంచి "షాట్ రెడీ" అనేశారు.

టేక్. క్రేన్ లేచింది. కిందా పైనా ఒకే చెయ్యి, ఒకే నడుము, ఒకే అడుగు. ఆఖరి భంగిమలో అందరూ ఆగారు.

"కట్!"

ప్రొడ్యూసర్ గారు చప్పట్లు కొట్టారు. "ఓకే! ఓకే! అయిపోయిందమ్మా!" హీరో గారు మాస్టర్ భుజం తట్టి, కారు వైపు నడుస్తున్నారు. నేను మేడ మీదే కూలబడి ఏడ్చేశాను. సంతోషమండీ, ఇంకేం కాదు. మా పిల్ల పేరు తెర మీద పడుతుంది! పెద్ద మాస్టర్ గారు రేపు ఇంట్లో హాయిగా పడుకోవచ్చు!

పిట్టగోడ మీంచి తొంగి చూశాను. మాస్టర్ మానిటర్ ముందు నుంచి కదల్లేదు. ఆ షాట్ మళ్ళీ వేయించుకుని చూస్తోంది. తర్వాత వంటవాళ్ళ బెంచీ వైపు చూసింది. ఎర్రగడ్డ డాన్సర్ గజ్జెలు సంచిలో పెట్టుకుంటోంది.

మాస్టర్ లేచి నిలబడింది.

"సార్! వన్ మోర్!"

హీరో గారు ఆగారు. ప్రొడ్యూసర్ గారి మొహం పాలిపోయింది. "ఇంకెందుకమ్మా? బ్రహ్మాండంగా వచ్చింది కదా! లైటు పోతోంది. ఆయన వెళ్ళాలి."

"మేడ మీద మెట్ల వైపు ఒక ప్లేస్ ఖాళీగా ఉంది సార్. అది నా మనిషి నిలబడాల్సిన చోటు. తప్పు ఆమెది కాదు. నేను చూసుకోకుండా తీసేశాను." గొంతు వణుకుతూనే ఉంది, మాట మాత్రం తిరగలేదు. "ఒక్క టేక్. అది బాగా రాకపోతే ఇప్పుడు తీసిందే వాడుకోండి."

మన హీరో గారున్నారే, వాచీ చూసుకుని, "ఒక్కటే అయితే రండి, త్వరగా" అని తన చోటుకి తిరిగొచ్చేశారు.

మాస్టర్ బెంచీ దగ్గరికి పరుగెత్తింది. "అక్కా, సారీ. నీ ప్లేస్‌కి వెళ్ళు" అంది. ఆవిడ తలెత్తి ఒక్క క్షణం దాని మొహంలోకి చూసింది. గజ్జెలు చేత్తో పట్టుకునే మెట్లెక్కింది. పైకొచ్చాక నేను వంగి ఒక కాలికి కట్టాను, ఇంకో కాలికి ఆవిడే కట్టుకుంది. ఆవిడకి ఏం చెప్పాలో తెలీక, "బస్సు వచ్చేసిందే" అన్నాను. అప్పుడు నవ్వింది.

"రోలింగ్... యాక్షన్!"

ట్యాంకు చాటున నేను డబ్బాని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎర్ర చుక్క కొట్టుకుంటోంది. చరణం మొదటి లైను. రెండో లైను. క్రేన్ మెల్లగా లేస్తోంది. నేను ఊపిరి బిగబట్టాను. మూడో లైను మధ్యలో "టుంయ్" అంది డబ్బా. ఆరిపోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి! వరసలో సగం మంది కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. అరిచి లెక్క చెప్దామంటే, ట్యాంకు చాటున నాకూ పాట వినపడటం లేదు. లేచి చేతులూపలేను, ఫ్రేములో పడతాను. కింద డబ్బా మోగుతూనే ఉంది, కానీ వరస మధ్యలోకి అది లీలగా తప్ప రాదు. అప్పుడు మెట్ల వైపు చివర్నుంచి గజ్జెల చప్పుడు గట్టిగా మొదలైంది. మెట్ల సందులోంచి పాట వినిపించేది ఆవిడ నిలబడ్డ చోటికి ఒక్కదానికే. చెవి కిందికి పెట్టి, మొహంలో నవ్వు చెదరకుండా, మడమతో నేలని ధన్ ధన్‌మని కొడుతోంది. ఆ పక్కనున్న పిల్ల అందుకుంది. దాని పక్కది అందుకుంది. చివరి దాకా వరసంతా ఆవిడ కాలి వెంట నడిచింది. ఒక్క చెయ్యి ముందు లేదు, ఒక్క చెయ్యి వెనక లేదు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళతో, మనసులోనే వన్ టూ త్రీ ఫోర్ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఆఖరి భంగిమలో అందరూ శిలల్లా ఆగారు.

"కట్!"

మాస్టర్ మానిటర్‌లోకి చూసింది. ప్రొడ్యూసర్ గారి వైపు చూడలేదు, హీరో గారి వైపు చూడలేదు. తలెత్తి మేడ వైపు చూసి రెండు చేతులూ ఊపింది.

"ఓకే! ఇదే! ఇదే నా షాట్! మేడ మీద సూపర్ అక్కా, సూపర్!"

కింద చప్పట్లు, ఈలలు. పక్కింట్లో కవలపిల్లలు ఒకేసారి లేచి ఏడుపు అందుకున్నారు. పక్కింటావిడ బాల్కనీలోకొచ్చి, తిడుతుందేమో అనుకుంటే, తనూ చప్పట్లు కొట్టింది.

నేను చచ్చిపోయిన డబ్బాని చంకన పెట్టుకుని లేచాను. ఉన్న సంగతి పిట్టగోడ మీంచి అరిచి చెప్దామని నోరు తెరిచాను. ఎర్రగడ్డ డాన్సర్ వచ్చి చెమట చేత్తో నా నోరు మూసేసింది.

"అక్కా, నీకు దండం పెడ్త" అంది రొప్పుతూ, నవ్వుతూ. "డబ్బా సచ్చిందని మాస్టర్‌కి చెప్పకు. ఇంకో టేక్ అంటది."